మొక్క కొనేముందు గొయ్యి తవ్వండి: మీ నేలకు నప్పే దేశవాళీ చెట్లు ఎంచుకోవడం ఎలా?

హైదరాబాద్ దగ్గర యాచారం వైపు మాకు అర ఎకరం చెలక, అంటే ఎర్ర గరప నేల, ఉంది. కొన్న ఏడాది జులైలో, నాలుగు వానలు పడగానే ఉత్సాహం ఆపుకోలేక నలభై మొక్కలు తెచ్చి ఒక్క ఆదివారంలో నాటేశాం. విదేశీ మొక్క ఒక్కటి కూడా వద్దని పట్టుబట్టి మరీ తెచ్చినవి. ఏరుమద్ది, కదంబం, సీతాశోకం, సంపెంగ, పొగడ, కానుగ. మరుసటి మే నెలాఖరుకు పదకొండు మిగిలాయి. అందులో ఏడు కానుగలే.

ఎండను తిట్టుకుని ఊరుకోవచ్చు గానీ తప్పు నాదే. కదంబం, ఏరుమద్ది వాగుల పక్కన తడిలో పెరిగే చెట్లు. సంపెంగ, సీతాశోకం వానలు బాగా పడే కొండల్లోవి. మా చెలకలో అడుగున్నర తవ్వితే మొరం తగులుతుంది. ఏడాది మొత్తానికి పడే వాన ఎనిమిది వందల మిల్లీమీటర్లు దాటితే గొప్ప. తెచ్చినవన్నీ మన దేశపు చెట్లే, కాకపోతే మా నేల వాటి ఊరు కాదు. అందుకే దేశవాళీ అన్న మాటను దేశం మొత్తానికి చాచకుండా మీ ఊరి చుట్టూ ఇరవై, ముప్పై కిలోమీటర్లకు కుదించుకోండి. అది ఎలా చేయాలో, నేను చేయాల్సిన వరసలో చెప్తాను.

ముందు ఊరి చుట్టూ తిరగండి

ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మీ చుట్టుపక్కల ఏ చెట్లు బతుకుతున్నాయో చూడటం మొదటి పని. రోడ్డు పక్క చెట్లను లెక్కలోకి తీసుకోకండి, అవి ఎవరో నాటినవి. చెరువు గట్టు, శ్మశానం, ఊరి బయట పోచమ్మ గుడో పోలేరమ్మ గుడో ఉంటే దాని చుట్టూ ఉన్న చెట్లు, పొలాల మధ్య గెట్లు, దున్నడానికి వీల్లేని రాళ్ల గుట్టలు చూడండి. అమ్మవారి చెట్టు మీద గొడ్డలి వేయడానికి జనం జంకుతారు కాబట్టి అక్కడ మిగిలిన చెట్లే చాలా ఊళ్లలో పాత అడవికి ఆనవాళ్లు. హైదరాబాద్‌లో ఉంటే కేబీఆర్ పార్కులో నడిచే దారి వదలకుండానే చాలా చూడొచ్చు. విశాఖ వాళ్లకు కంబాలకొండ, తిరుపతి వాళ్లకు శేషాచలం ఉండనే ఉన్నాయి.

రెండుసార్లు తిరగాలి. సెప్టెంబర్‌లో అన్నీ పచ్చగా ఉంటాయి, ఆకులు, కాయలు చూసి గుర్తుపట్టడం తేలిక. ఏప్రిల్ చివర్లో మళ్లీ వెళ్లండి. అప్పుడు పచ్చగా ఉన్నదంతా లోతుకు వేరు దింపిన చెట్టు. నేను ఈ రెండో తిరుగుడులోనే మా గుట్ట దగ్గర గొర్రెలు కాసే పెద్దాయనను కలిశాను. నా చేతిలో ఫోను, ఫొటోలు చూసి ఆయనకు నవ్వొచ్చింది.

"ఏం సారూ, చెట్ల కోసం తిరుగుతున్నవా? గీ గుట్టకు ఏపి ఉంటది, బిల్లుడు ఉంటది, రేల ఉంటది. నువ్వు పెట్టినయన్నీ వాగుకాడి చెట్లు."

ఏడాది కష్టం, నలభై మొక్కల ఖర్చు ఆ ఒక్క మాటలో తేలిపోయింది. మీ ఊళ్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. పశువులు కాసేవాళ్లు, తేనె తీసేవాళ్లు, నాటువైద్యం చేసేవాళ్లు, మేకలకు మండలు కొట్టేవాళ్లు. ఒక పూట వాళ్లతో నడవండి.

ఊళ్ల పేర్లు కూడా కొంత సాయం చేస్తాయి. నేరేడుచర్ల, మద్దిపాడు, జమ్మికుంట, వెలగపూడి, తుమ్మలగుంట. పేరు పెట్టిన రోజున ఆ చెట్టు అక్కడ కొట్టొచ్చినట్టు కనిపించి ఉంటుంది. మరీ గుడ్డిగా నమ్మకండి. జమ్మలమడుగులో ఉన్నది జమ్మి చెట్టు అనుకుంటాం గానీ, అది మడుగుల్లో పెరిగే జమ్ము గడ్డి అని చెప్తారు.

ఒక జాగ్రత్త. తనంతట తాను పెరిగేదంతా స్థానికం అనుకుంటే సర్కారు తుమ్మ దగ్గర పప్పులో కాలేస్తాం. బీళ్లన్నీ దానివే కదా ఇప్పుడు. అది అమెరికా ఖండాల చెట్టు. 1870ల చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖ కడప ప్రాంతంలో నాటించింది, తర్వాత ఎవరి చేతిలోనూ ఆగలేదు. సుబాబుల్, సీమచింత, లాంటానా, వయ్యారిభామ కూడా బయటనుంచి వచ్చినవే. నిజం చెప్పాలంటే మన చింత కూడా ఆఫ్రికా నుంచి ఎప్పుడో వచ్చిందే, సీతాఫలం అమెరికాది. ఈ రెంటినీ నేను పరాయివిగా చూడలేను. చింతను పరాయిదంటే మా అమ్మ ఒప్పుకోదు. నా లెక్క ఇది: వచ్చి చుట్టూ ఉన్నవాటిని బతకనిస్తున్న చెట్టుకు నా దగ్గర చోటుంది, తొక్కేసే చెట్టుకు లేదు.

ఇప్పుడు గడ్డపార తీయండి

స్థలంలో మూడు చోట్ల రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గోతులు తీయండి. వేసవిలో తీస్తే మంచిది, అవే తర్వాత నాటడానికీ పనికొస్తాయి. పైన మట్టి ఎంత మందం ఉంది, దాని కింద రంగు ఎక్కడ మారింది, గడ్డపార ఎక్కడ ఖంగుమంది, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. ప్లాట్లలో అయితే పై మట్టి అసలు అక్కడిది కాకపోవచ్చు. లేఅవుట్ వేసినప్పుడు ఎక్కడి మట్టో తెచ్చి పోస్తారు, ఇల్లు కట్టినప్పుడు సిమెంటు, ఇటుక ముక్కలు అందులో కలుస్తాయి. అలాంటి చోట అడుగున్నర కింద కనిపించేదే మీ అసలు నేల.

ఆ మట్టి ఓ పిడికెడు తీసుకుని, రాళ్లు ఏరేసి, చపాతీ పిండిలా అయ్యేదాకా నీళ్లు చల్లి పిసకండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా బయటికి తోయండి. పట్టీ రానే రాకుండా పొడిపొడిగా రాలిపోతే ఇసుక. అంగుళం లోపే తెగితే గరప నేల, చెలక. రెండంగుళాలు దాటినా తెగకుండా వేలాడుతూ, చేతికి జిగటగా అంటుకుని కడిగినా పోకుండా ఉంటే రేగడి. మా చెలక మట్టి ముప్పావు అంగుళానికి తెగింది. మా అత్తగారి ఊరు గుంటూరు జిల్లా, వాళ్ల పొలం మట్టి చూపుడు వేలంత పొడుగు సాగి చుట్టుకుంది.

తర్వాత అదే గోతి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. ఇంకాక రెండోసారి నింపి టైం చూడండి. మొదటిసారి పోసినవి పొడి మట్టి తాగేస్తుంది, ఆ లెక్క పనికిరాదు. రెండోసారి గంటలోపే మాయమైతే మీ నేల నీళ్లు పట్టి ఉంచదు. మర్నాడు పొద్దుటికి కూడా అడుగున నీళ్లు నిలిచి ఉంటే అక్కడ వేర్లకు ఊపిరాడదు. నా దృష్టిలో చెట్టును ఎంచుకోవడానికి మట్టి రంగు కన్నా ఈ ఒక్క పరీక్షే ఎక్కువ పనికొస్తుంది.

ఎండిన మట్టి మీద రెండు చుక్కల వెనిగర్ వేసి చూడండి. సోడాలా నురగ వస్తే సున్నం ఎక్కువున్న సుద్ద నేల. అలాంటి నేలలో బత్తాయి, నిమ్మ లేత ఆకులు ఈనెలు పచ్చగా, మిగతాదంతా పసుపుగా మారి ఏడిపిస్తాయి. ఇనుము మట్టిలో ఉన్నా వేరు తీసుకోలేకపోవడం వల్ల వచ్చే తిప్పలు అవి. వేప, రేగు, తుమ్మలకు ఈ బాధ పెద్దగా ఉండదు.

చౌడు ఉందని అనుమానం వస్తే మాత్రం ఇంటి పరీక్షలతో సరిపెట్టుకోకండి. వేసవిలో నేల మీద తెల్లగా ఉప్పు పేరితే పాలచౌడు. నల్లగా జిడ్డుగా ఉండి, తడిస్తే బురద, ఎండితే బండ అయిపోతే కారుచౌడు. రెండింటికీ మందు వేరు. కారుచౌడుకు జిప్సం కావాలి, పాలచౌడుకు మంచి నీళ్లతో కడిగి ఉప్పును కిందికి దింపాలి. మండల వ్యవసాయాధికారిని అడిగితే భూసార పరీక్షకు ఎక్కడ ఇవ్వాలో చెప్తారు. చెట్ల కోసమని చెప్పి అడుగు, రెండడుగులు, మూడడుగుల లోతుల నుంచి వేర్వేరు సంచుల్లో అరకిలో చొప్పున ఇవ్వండి. పంటలకు తీసినట్టు పై ఆరంగుళాల మట్టి ఒక్కటే ఇస్తే చెట్టు వేరు సంగతి తెలియదు. బోరు నీళ్లు కూడా ఒక సీసాడు పరీక్షకు ఇవ్వండి. మంచి నేలలో ఉప్పు నీళ్లు పోసి మొక్కలను చంపుకున్నవాళ్లు ఉన్నారు.

వాన లెక్క

ఎంత పడుతుందన్నది సగం సంగతే, ఎప్పుడు పడుతుందన్నది మిగతా సగం. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, శ్రీకాకుళంలో దానికి దాదాపు రెట్టింపు. తెలంగాణ అంతటా వాన ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే అయిపోతుంది, జులైలో నాటితే మొక్కకు రెండు నెలలకు పైగా తడి దొరుకుతుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాలదే పెద్ద వాటా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. అక్కడ జులైలో నాటితే మొక్క మూడు నెలలు ఎండలో నిలబడి వాన కోసం చూడాలి. సెప్టెంబర్ చివరిదాకా ఆగండి.

తీరంలో గాలిని కూడా లెక్కేసుకోవాలి. తుపాను వచ్చే చోట పెళుసు కొమ్మల చెట్లు ఇంటి మీదికే వస్తాయి. ఎర్రటి పూలతో ముచ్చటగా ఉండే గుల్‌మొహర్ మడగాస్కర్ చెట్టు, గాలికి కొమ్మలు పుటుక్కున విరుగుతాయి.

ఏ నేలకు ఏవి?

ఎర్ర చెలక, గుట్టల పక్క గర్సు నేల, మొరం. తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఎక్కువమంది చేతిలో ఉన్నది ఇదే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. మొదటి పేరు ఏపి, కొన్ని చోట్ల నారేప అంటారు. వేపకూ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. రెండేసి ఆకులు సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటాయి, కొమ్మలు సన్నగా కిందికి వాలతాయి. బండల సందుల్లోంచి వేరు దింపుకునే మొండి ఘటం. మొదటి రెండేళ్లు పైకి జానెడు కూడా పెరిగినట్టు కనిపించదు, ఆ కాలమంతా కిందికి పోతూ ఉంటుంది. దీన్ని పెద్ద మొక్కగా కొని నాటితే సంచిలో మెలిక తిరిగిన తల్లివేరుతో కోలుకోదు. గింజనే నాటుకోండి.

రేల ఈ నేలకు రెండో మంచి చెట్టు. ఏప్రిల్, మే నెలల్లో ఆకు రాల్చి పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. బిల్లుడు, చిగర, తునికి, సండ్ర, సోమిద, మారేడు, వేప, పారిజాతం అన్నీ ఇక్కడివే. సోమిద పేరు తలుచుకుంటే నాకు కాస్త గర్వంగా ఉంటుంది. 1780ల్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ చుట్టుపక్కల మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకునేవాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామం సోయ్‌మిడా మన సోమిదలోంచి వచ్చిందే.

చిన్న స్థలమైతే అంకుడు చూడండి. తెల్లటి పూలు, జంట కాయలు, సన్నటి మాను. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసేది ఈ కర్రతోనే. కొండపల్లి, నిర్మల్ బొమ్మలకు వాడేది పొనికి, అది కూడా గుట్టల మీది చెట్టే. పొదలకు తంగేడు, వావిలి, కలివి, బలుసు. తంగేడు, వావిలి మేకలు ముట్టవు కాబట్టి కంచె పక్కన ఇవి వేస్తే లోపలి మొక్కలకు కొంత ధీమా.

నల్లరేగడి సంగతి వేరు. వేసవిలో బీటలు అరచెయ్యి దూరేంత తెరుచుకుంటాయి, తెరుచుకుంటూ సన్న వేర్లను తెంపేస్తాయి. వానాకాలం అదే మట్టి ఉబ్బి నీళ్లను కిందికి పోనివ్వదు. ఈ రెండూ తట్టుకునేవి నల్లతుమ్మ, తెల్లతుమ్మ, మోదుగ, రేగు, కానుగ, దిరిసెన, నేరేడు. నీళ్లు నిలవని మెరక మీదైతే వేప కూడా బాగుంటుంది. గింజల మీద మోజుతో మా ఏపి మొక్క ఒకటి చిన్న గొట్టంలో పెంచి మా బావమరిదికి పంపాను. ఆగస్టులో ఫోన్ చేశాడు.

"బావగారూ, మీరిచ్చిన మొక్క మా రేగట్లో ఈత నేర్చుకుంటోందండీ."

నెల తిరగకుండా కుళ్లిపోయింది. ఆ గోతి పక్కనే దానంతట అది మొలిచిన మోదుగ ఇప్పుడు నా ఎత్తుంది.

జమ్మికి మాత్రం లోతైన నేల కావాలి, రేగడైనా ఒండ్రైనా ఇసుక కలిసిందైనా సరే. కొంచెం చౌడును కూడా ఓర్చుకుంటుంది. తెలంగాణ రాష్ట్ర వృక్షం కదా అని అందరూ అడుగుతున్నారు, మొక్కలు కూడా దొరుకుతున్నాయి. పొలం మధ్య వేసినా కింద పంట బాగానే వస్తుంది. తొందరపడే వాళ్ల చెట్టు మాత్రం కాదు.

తీరం ఇసుకలో తాటి, పొన్న, గంగరావి, మొగలి, కానుగ, వేప. సరుగుడు మనదనుకుంటాం గానీ బయటిది, జీడిమామిడి బ్రెజిల్‌ది. చెరువు కింద తడి నేల, కాలువ గట్టు ఉన్నవాళ్లు అదృష్టవంతులు, నేను చెలకలో చంపుకున్న ఏరుమద్ది, కదంబం అక్కడ హాయిగా పెరుగుతాయి. పాలచౌడుకు కానుగ, నల్లతుమ్మ, ఈతలతో మొదలుపెట్టండి.

ఎర్రచందనం గురించి చాలామంది అడుగుతారు. అది శేషాచలం, నల్లమల దక్షిణ కొసలు, వాటి చుట్టుపక్కల రాతి గుట్టల చెట్టు. ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. కడప, తిరుపతి వాళ్లు వేసుకుంటే అందం. వేరే చోట పెరగదని కాదు, పెరిగినా కొట్టడానికీ తరలించడానికీ సొంత భూమిలోదైనా అటవీ శాఖ అనుమతి కావాలి. డబ్బు లెక్కలతో వేసేవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

పేర్ల దగ్గర మోసపోకండి

నర్సరీలో అశోక చెట్టు అని ఇచ్చేది చాలాసార్లు నారమామిడి. పొడుగ్గా కొవ్వొత్తిలా నిలబడేది. పాల అంటే అంకుడు పాల ఉంది, కొడిశపాల ఉంది, తినే పాలపండ్ల చెట్టు ఉంది, ఏడాకుల పాల ఉంది. మద్ది అంటే గుట్ట మీది నల్లమద్దా, వాగులోని ఏరుమద్దా? నేను తెచ్చింది ఏదో మీకు తెలుసు. అందుకని శాస్త్రీయ నామాన్ని కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఏపి అడిగితే వేప చేతిలో పెడతారు, హార్డ్‌విక్కియా బైనాటా అని రాసిన కాగితం చూపిస్తే ఆ గొడవ ఉండదు.

కడియం నర్సరీల్లో దొరకనిది ఉండదంటారు. అక్కడ ఎక్కువ గిరాకీ అలంకరణ మొక్కలకు, పండ్ల మొక్కలకు. అంకుడు, బిల్లుడు, సోమిద లాంటివి అటవీ శాఖ నర్సరీల్లో అడిగి చూడండి, తెలంగాణలో అయితే గ్రామ పంచాయతీ నర్సరీల్లో కూడా. ఏప్రిల్‌లోనే చెప్పి పెట్టుకుంటే మేలు. కోనోకార్పస్ ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ఎర్ర సముద్రం అటూ ఇటూ దేశాల చెట్టు అది, నీడకూ పక్షికీ పెద్దగా అక్కరకు రాదు. గుజరాత్ 2023లో నాటడమే నిషేధించింది.

మొక్క ఎత్తు చూసి మురిసిపోకండి. సంచి అడుగున చిల్లుల్లోంచి వేర్లు బయటికొచ్చి నేలలోకి దిగి ఉంటే అది అక్కడే ఏళ్లు గడిపిందన్నమాట. ఆరడుగుల అలాంటి మొక్క కన్నా పెన్సిల్ లావు మానుతో రెండడుగులున్నది నయం.

గింజలతో పెంచితే ఖర్చు ఉండదు, తల్లివేరు కూడా సూటిగా దిగుతుంది. వేప పండ్లు రాలిన రెండు మూడు వారాల్లోపే నాటేయాలి, తర్వాత గింజ చచ్చిపోతుంది. కానుగ గింజ నేరుగా మట్టిలో పెడితే సాధారణంగా రెండు వారాల్లో మొలుస్తుంది. రేల, తంగేడు గింజల పెంకు గట్టిది. నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దింపి, అందులో గింజలు వేసి, రాత్రంతా అలాగే ఉంచండి. తెల్లారేసరికి ఉబ్బినవి నాటండి, ఉబ్బనివి మళ్లీ వేయండి.

ఎంత స్థలం, ఎన్ని రకాలు

రెండు వందల గజాల ఇంటి ముందు రావి, మర్రి వద్దు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు పరుచుకుంది, మీ మర్రి కూడా ఆ వంశమే. ఇంటికి రేల, అంకుడు, మారేడు, పారిజాతం, కరివేపాకు చాలు. పడమర వైపు కానుగ ఒకటి. కానుగ వేసవి మొదట్లో ఆకు రాల్చినా వెంటనే చిగురేస్తుంది, మేలో గోడ మీద ఎండ పడనివ్వదు. కరెంటు తీగల కింద ఎత్తుకు పోయే చెట్లు పెడితే ఏటా కొమ్మలు నరికేస్తారు, అక్కడ పొదలే మంచివి.

ఒకే చెట్టును వరసగా నాటడం చూడ్డానికి బాగుంటుంది గానీ నేను చేయను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను కూల్చేశాక నగరంలో ఏడాకుల చెట్లు విరివిగా నాటారు. పెరిగి పూతకొచ్చాక చలికాలం మొదట్లో రాత్రిళ్లు ఆ ఘాటుకు తలనొప్పి, ఆయాసం అని జనం ఫిర్యాదులు మొదలుపెట్టారు. అదీ మన దేశపు చెట్టే. ఒకటో రెండో అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో. పది మొక్కలకు చోటుంటే కనీసం ఆరు రకాలు ఉండేలా చూసుకోండి.

నాటడం, ఆ తర్వాతి మూడు వేసవులు

తవ్వినప్పుడే పై అడుగు మట్టిని ఒక పక్క, కింది మట్టిని ఇంకో పక్క పోయండి. పూడ్చేటప్పుడు పై మట్టి వేర్ల దగ్గరికి వెళ్లాలి. రెండు తట్టల చివికిన పశువుల ఎరువు, చెదల కోసం గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. గొయ్యి మొత్తం ఎర్రమట్టి, ఎరువు, కొబ్బరిపొట్టుతో నింపే అలవాటు ఒకటి ఉంది. రేగడిలో అలా చేస్తే ఆ గొయ్యి గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది, వేరు కూడా ఆ మెత్తటి మట్టి దాటి బయటికి రాదు. రేగడిలో మొక్కను చుట్టూ నేల కన్నా జానెడు ఎత్తులో దిబ్బ చేసి నాటండి. చెలకలో దానికి రివర్సు, కొంచెం పల్లంగా పెట్టి పాదు చేయండి.

ప్లాస్టిక్ సంచి తీసేయండి. చెప్పాలా అనిపిస్తుంది, కానీ మేము చచ్చిన మొక్కలు పీకినప్పుడు నాలుగింటికి సంచి అలాగే ఉంది. కూలీలను తొందరపెట్టింది నేనే. సంచి అడుగున చుట్టుకున్న వేర్లను బ్లేడుతో కోసేయండి, మెలిక అలాగే ఉంటే అయిదో ఏట గాలికి చెట్టు మొదలంటా పడుతుంది.

పాదులో ఎండుటాకులో వేరుశనగ పొట్టో నాలుగంగుళాల మందం పరచండి, మానుకు మాత్రం ఆనించకండి. మొదటి వేసవి వారానికోసారి పదిహేను ఇరవై లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే తిరుగుతాయి, మీరు నాలుగు రోజులు ఊరెళ్తే మొక్క వాడిపోతుంది. రెండో వేసవి పదిహేను రోజులకోసారి. మూడో వేసవి మేలో రెండు తడులు ఇస్తే సరిపోవాలి. అప్పటికీ వారం వారం నీళ్లు అడుగుతోందంటే ఆ చెట్టు మీ నేలది కాదు, ఎంపికలోనే ఎక్కడో తేడా వచ్చింది.

ఫిబ్రవరి, మార్చిల్లో ఆకులన్నీ రాలిపోయి కట్టెలా నిలబడితే టెన్షన్ పడి పీకేయకండి. మన అడవి ఆకు రాల్చే అడవి, ఎండాకాలం తడి దాచుకునే పద్ధతే అది. బెరడు మీద గోటితో గీరండి. కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. అలాగే రేల ఆకులను ఆకుపచ్చ గొంగళిపురుగులు కొరుకుతుంటే మందు కొట్టకండి. రెండు వారాల్లో అవి లేత పసుపు సీతాకోకచిలుకలై ఎగిరిపోతాయి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. జిల్లేడు మీద చారల పురుగులు కూడా అంతే.

మేకల కోసం కట్టిన ఇనుప తడికలను మూడో ఏడు జూన్‌లో తీసేయండి. మర్చిపోతే మాను లావెక్కి తీగ బెరడులోకి దిగుతుంది, అప్పుడు కట్టింగ్ ప్లేయరుతో ముక్కలుగా కోసి లాగాల్సి వస్తుంది. మా ఏడు కానుగల్లో రెండింటికి ఆ గాడి ఇంకా కనిపిస్తూనే ఉంది.